దోన్ ఎవరిస్తో అతికించిన బ్రిడ్జి

“నేను అతికించిన బ్రిడ్జి ఊడాలంటే ముందు ఈ పరాచో ఊరు ఊడాలి!” అన్నాడు గిటార్లు చేసే దోన్ ఎవరిస్తో, చేతిలోని రంపం బల్ల మీద పెట్టి. “నా గిటారొకటి బస్సు టాపు మీంచి జారి లారీ కింద పడింది. లారీ టైరు పేలింది గానీ బ్రిడ్జి కదల్లేదు.”

“పోయిన వారం అది సైకిలు టైరు కదా, కొంపాద్రే?” అన్నాడు వార్నిష్ పూసే సిప్రియానో. ఇద్దరూ ఒకరి పిల్లలకు ఒకరు జ్ఞానతండ్రులు. ఎంత వెక్కిరించుకున్నా చెల్లుతుంది.

అప్పుడే ఎయులాలియా లోపలికి వచ్చి, శాలువాలోంచి ఒక గిటారు తీసి బల్ల మీద పెట్టింది. తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి చెక్క ఊడి, వాటికే వేలాడుతోంది. అది కూర్చోవలసిన చోట పై పలక చీలి, పొరలు పొరలుగా లేచిపోయింది.

సిప్రియానో గిటారు పొట్టలోకి తొంగిచూసి, లోపలి చీటీ చదివాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

“పరాచో ఊరు ఊడింది, కొంపాద్రే. చీటీ మీద నీ పేరే ఉంది.”

ఎవరిస్తో చెవులు ఎర్రబడ్డాయి. తీగను గోటితో గీరి చూశాడు. “ఉక్కు తీగలు! నైలాన్ తీగల గిటారుకి ఉక్కు తీగలు! మేక పలుపుతో ఎద్దును కట్టేసినట్టుంది. ఏ గాడిద చేసిన పనమ్మా ఇది?”

“నేనే” అంది ఎయులాలియా.

ఆ గొంతులో కోపం లేదు, సిగ్గు లేదు. ఎవరో అడిగితే వీధి పేరు చెప్పినట్టు చెప్పింది. “మా ఆయన ఫిదెన్సియోకి కలప కోతమిల్లులో చెవులు పోయాయి గదా. నైలాన్ తీగలు మీటితే వినబడట్లేదన్నాడు. ఉక్కువైతే గట్టిగా మోగుతాయని ఆయన పేరు పునీతుడి పండక్కి నేనే కొన్నాను, నేనే బిగించాను. పెరట్లో కూర్చుని వాయించాడు. ‘వినబడుతోందే, లాలా’ అని నవ్వాడు. అంతలో బ్రిడ్జి తుపాకీ పేలినట్టు లేచింది. ఆయన గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.”

ఎనిమిది రోజులుగా ఆమె ఇంతే. ఏడవలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. జపమాలకి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చింది, గిన్నెలు కడుక్కుంది.

“రేపు సాయంత్రం తొమ్మిదో రోజు. జపమాల ముగించి, గదిలో నేల మీద పేర్చిన శిలువ ఎత్తేటప్పుడు ఆయన తమ్ముడు దీని మీదే వాయిస్తాడట. బాగుచేసి వాళ్ళకి ఇచ్చేయండి. నేనా గదిలోకి వెళ్ళను.”

“మొగుడి శిలువ ఎత్తుతుంటే పెళ్ళాం లేకపోవడమేంటమ్మా?”

“చంపినదాన్ని. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

ఎవరిస్తో బ్రిడ్జిని తీగల నుంచి విడదీసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అటు తిరిగి చాలాసేపు చూశాడు.

“కొంపాద్రే, వెళ్ళి నాలుగు కొరుండాలు పట్టుకురా. వేడివి. ఆకలేస్తోంది.”

“ఇప్పుడేగా ఆరు కుడుములు మింగావు?”

“మళ్ళీ వేస్తోంది. నడువు.”

సిప్రియానో వెళ్ళాక ఎవరిస్తో గీకుడు రేకు తీసి బ్రిడ్జి అడుగున నాలుగు గీకులు గీకాడు. పొడి ఊదేశాడు. వెనక్కి వచ్చి, ఎడమచెయ్యి గిటారు పై పలక మీది చీలికను కప్పేలా ఆనించి, కుడిచేత్తో బ్రిడ్జి చూపించాడు.

“చూడు, అడుగున చెక్క పోగు ఒక్కటైనా అంటుకుందా? వార్నిష్ మీద అతికిస్తే ఇలాగే నున్నగా ఊడొస్తుంది. వార్నిష్ గీకేసి, పచ్చి చెక్క మీద అతికించాలి. దీన్ని చేసినవాడు బద్ధకించాడు. నైలాన్ తీగలున్నా ఆ రోజు ఊడేదే. నీ తీగల తప్పేం లేదు.”

ఎయులాలియా బ్రిడ్జిని చూసింది. పొట్టలోని చీటీని చూసింది. ఆ తర్వాత ఆయన మొహం చూసింది.

“చేసింది మీరు.”

“నేనే. ఆ గాడిదను నేనేనమ్మా.”

ఆమె “హంతకుడా!” అంది, ముందు మెల్లగా. తర్వాత వీధి చివరి దాకా వినబడేలా అంది. “నీ చేతులు పడిపోను! నా మొగుణ్ణి పొట్టనబెట్టుకున్నావు కదరా!” జిగురు డబ్బా ఆయన మీదికి విసిరింది. తిట్టీ తిట్టీ చెక్కపొట్టులో కూలబడి, ఎనిమిది రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

కొరుండాలతో వచ్చిన సిప్రియానో గుమ్మంలో ఆగి, చీలిన పై పలకను చూశాడు, నున్నటి బ్రిడ్జిని చూశాడు. ఏదో అనబోయాడు. ఎవరిస్తో ఒక కొరుండా ఆకు ఒలిచి అతని నోట్లో కుక్కాడు.

చీలిన చెక్క కోసేసి, పాత దేవదారు ముక్కను గీతకు గీత కలిపి అతికించాడు ఎవరిస్తో. లోపల పలచటి పట్టీ వేశాడు. బ్రిడ్జి కూర్చోబెట్టి, మర్నాడు మధ్యాహ్నం దాకా బిగించి ఉంచి, నైలాన్ తీగలు వేశాడు. సాయంత్రం శిలువ ఎత్తుతుంటే ఎయులాలియా అందరికంటే ముందు నిలబడింది. పాడింది కూడా. గుమ్మం బయట ఎవరిస్తో కనబడితే ఉమ్మేసింది.

ఊరు ఆయనకి ‘వార్నిష్ ఎవరిస్తో’ అని పేరు పెట్టింది. గిటారు చేయించుకునేవాడు లేడు. మూడేళ్ళుగా బొంగరాలు చేసుకుంటున్నాడు. అవి బాగా తిరుగుతాయి. ఒకటైతే పోయిన ఈస్టరుకి వదిలితే ఇంకా ఆగలేదు.

మీరు దూరం వాళ్ళు కనుక చెబుతున్నాను, ఎయులాలియా చెవిన పడనివ్వకండి. ఎవరిస్తో అన్న పేరు నేను కల్పించింది కాదు, మా అమ్మ నాకు పెట్టిందే. టైరు కూడా కల్పన కాదు, కాకపోతే పేలలేదు, కాస్త గాలి దిగింది. నేను కల్పించింది ఒక్క వార్నిష్‌నే: ఆ రోజు కిటికీ దగ్గర నేను గీకేసింది, నా జిగురును వదల్లేక బ్రిడ్జితోపాటు చీలి వచ్చేసిన దేవదారు పోగుల్ని.