ఊరి కోసం తవ్విన గొయ్యి

జేసీబీ పెరట్లోకి రాగానే రోశయ్య దానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

“నన్ను పాతిపెట్టి, ఆ తర్వాత ఈ ఇల్లు పడగొట్టుకోండి,” అన్నాడు.

“అబ్బా, పక్కకి జరుగన్నా,” తమ్ముడు కోటి విసుక్కున్నాడు. “గోడలు బీటలిచ్చినయ్. ఇదంతా చదును చేసి మిరపకాయలకి గోడౌను కడితే నీకేంటి నష్టం?”

“యుద్ధంలో ఊరందరికీ ధైర్యమిచ్చిన ఇల్లురా ఇది. అదుగో, ఆ గొయ్యి కనపట్టంలా?”

కనపడకేం, ఊళ్ళో ఆ గొయ్యి సంగతి తెలియనివాళ్ళే లేరు. కాకినాడ మీద జపానువాళ్ళు బాంబులేశారని వినగానే, ఊరంతా దిగి దాక్కోవటానికి వీళ్ళ తాతగారు తవ్వించాడు. తవ్వింది ఊరివాళ్ళే, అదీ పైసా కూలి లేకుండా. లోపలికి మెట్లు కట్టించాడు. గొయ్యి మీద రాయి మూయించేటప్పుడు మాత్రం పెద్దాయన ఎవర్నీ రానివ్వకుండా తనే దగ్గరున్నాడు. తడి చేరకుండా చుట్టూ సున్నం పెట్టించి, ‘బాంబు పడ్డ రోజే తెరవాలి’ అన్నాడట. ఊరి అదృష్టం బాగుండి బాంబు పడలేదు, గొయ్యి తెరవలేదు. పెద్దాయనకి దణ్ణాలు మాత్రం ఇప్పటిదాకా ఆగలేదు.

“గొయ్యా పాడా! అది ఉత్త జొన్నపాతర,” అన్నాడు కోటి. “ఆ రోజుల్లో గింజలు దాచుకునే పాతర లేని ఇల్లేది?”

“పాతరకి మెట్లుంటాయంట్రా ఎక్కడన్నా?”

గొడవ విని జనం పోగయ్యారు. ఊరవతల పల్లె నుంచి ముసలి పుల్లమ్మ కూడా వచ్చింది. ఆమె కొంగులో కొత్త జొన్నలున్నాయి. పంట ఇంటికి రాగానే ప్రథమ ఫలం చర్చిలో ఇచ్చి, ఆనక ఓ దోసెడు గింజలు ఈ రాతి మీద పోసి వెళ్ళటం వాళ్ళింటి ఆనవాయితీ. ఆ గొయ్యి తవ్వినవాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడు.

“అట్టా అనమాక కోటయ్యా,” అంది పుల్లమ్మ. “ఈ గొయ్యి తవ్విన ఏడు మావోళ్ళు చింతగింజలు ఉడకేసుకుని తిన్నారంట. మా నాన్న జొన్నలడగటానికొస్తే, ‘గింజ లేదురా, మొత్తం మిలిట్రీకి పోయింది. కడుపుకి పెట్టలేను గానీ నీ ప్రాణం కాపాడతా’ అని పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడంట. దేవుడట్టాంటి మనిషి.”

“విన్నావంట్రా?” రోశయ్య తమ్ముడి వైపు తిరిగాడు. “పక్షవాతమొచ్చి మాట పడిపోయినా, పోయేదాకా ఈ గొయ్యి వంకే చెయ్యి చూపిస్తా ఉన్నాడంట. దీన్ని కాపాడమని!”

“అయితే తెరిచి చూద్దాం,” అన్నాడు కోటి. “లోపల చాపలో నీళ్ళకుండలో ఉంటే ఇంటి జోలికి రాను. ఉత్త పాతరైతే నువ్వు అడ్డం రాకూడదు.”

“తెరిపించు! ఊరందరి ముందూ నీ చేత చెంపలేయిస్తా.”

జేసీబీ నడిపే ఖాజావలి జాగ్రత్తగా రాయి లేపాడు. గుప్పున ముక్కిపోయిన వాసన కొట్టింది.

“కాసేపు ఆగండి, పీలిస్తే ప్రమాదం, పాతర ఆవిరి పోనియ్యండి,” అన్నాడతను.

“పాతరంటావేందయ్యా నువ్వు కూడా!” రోశయ్య అతని మీద లేచాడు.

తర్వాత అందరూ తొంగి చూశారు. చాపలు లేవు. కుండలు లేవు. కట్టించిన మెట్లు కూడా కనపడటం లేదు. అంచుల దాకా జొన్నలు నిండి ఉన్నాయి. నల్లగా మాడినట్టున్నా, జొన్నలని తెలుస్తూనే ఉన్నాయి.

పందెం గెలిచిన కోటి తల దించుకున్నాడు. తాత అతనికీ తాతే మరి.

రోశయ్య పెదాలు తడుపుకున్నాడు. “ఊరి కోసమే... ఊరి కోసమే దాచుంటాడు పుల్లమ్మా,” అన్నాడు.

పుల్లమ్మ కొంగులో జొన్నలు మళ్ళీ గట్టిగా ముడేసుకుంది.

“ఊరి కోసమేనయ్యా. మా ఖర్మ, బాంబు పళ్ళేదు.”