మూలనున్న మిషన్

ఆ సోమవారం పొద్దున సయోకో కాఫీ కొట్లో మిషన్ మొరాయించింది. నీళ్ళు వేడెక్కడం లేదు.

ఎప్పుడో మావగారు పెట్టించిన మిషన్. విడిభాగాలు దొరకవన్నాడు మెకానిక్.

"పోతే పోనీ. చేత్తోనే పోస్తాను," అనుకుంది సయోకో. సన్నమూతి కెటిల్, గరాటు, వడపోత కాగితాలు కొనుక్కొచ్చింది.

మూడో రోజు ఎదుటి సెలూన్ హిరోసె ఒక్క గుక్క తాగి కప్పు దించేశాడు.

"ఏమ్మా సయోకో, ఇది కాఫీయా, కప్పులు కడిగిన నీళ్ళా?"

అప్పటికే రోజూ వచ్చేవాళ్ళలో నలుగురు స్టేషన్ దగ్గరి కొత్త షాపుకి మళ్ళారు. ఇంకో నలుగురు పోతే కొట్టు మూసుకోవడమే. పొడి అదే, నీళ్ళు అవే. తప్పెక్కడుందో అంతుపట్టక సయోకోకి ఏడుపొచ్చింది.

చివరి కుర్చీలోంచి ఒక ముసలాయన లేచాడు. వారంగా వస్తున్నాడు. పేరు కూడా అడగలేదామె.

"కెటిల్ ఒకసారి ఇలా ఇస్తావా అమ్మా?"

పొడి తడిసేంత మాత్రమే పోశాడు. ఆగాడు. మూడు ఊపిర్లు లెక్కపెట్టాడు. దారంలా సన్నగా పోశాడు. మళ్ళీ ఆగాడు.

"ఇంతసేపు ఆగితే చల్లారిపోదూ?"

"పొయ్యడం అందరికీ వచ్చమ్మా. ఆగడమే నేర్చుకోవాలి."

ఆనాటి నుంచి రోజూ పక్కన నిలబడి, "అదిగో, మళ్ళీ తొందర!" అని విసుక్కునేవాడు.

వెళ్ళేముందు మాత్రం మూలకి తిరిగి, నడుం వంచి నమస్కరించేవాడు. అక్కడ చెడిపోయిన మిషన్ తప్ప ఏమీ లేదు. ఈయనకి చూపు తగ్గిందా, మతి తగ్గిందా?

"ఆ డొక్కుని గురువారం చెత్తబండికి ఇచ్చేస్తున్నా పెద్దాయనా. ఎంతైనా మనిషి చేతికి మిషన్ సాటా?"

"సాటి రాదమ్మా," నవ్వాడాయన. "పాపం, చాలా ప్రయత్నించింది."

మర్నాటి నుంచి రాలేదు.

ఆయన రాని మొదటి రోజే హిరోసె కప్పు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "అమ్మయ్య! మిషన్ బాగుచేయించావన్నమాట!"

"చేత్తోనే పోశాను!"

"నాకా చెప్తావు? ఇరవై ఏళ్ళుగా తాగుతున్న రుచి ఇది."

మెచ్చుకున్నాడో వెక్కిరించాడో ఆమెకి బోధపడలేదు.

గురువారం మిషన్‌కి చెత్తబండి కోసం మునిసిపాలిటీ ఇచ్చే చీటీ అంటించింది. మురికిగా పారేయడానికి మనసొప్పక, లోపల కడుగుదామని చన్నీళ్ళు పోసి, మొదటిసారి మూత ఎత్తి, స్విచ్ వేసింది.

లోపలి గరాటు తడిసేన్ని నీళ్ళు పడ్డాయి. ఆగాయి.

తనకి తెలియకుండానే ఊపిర్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు.

దారంలా సన్నగా పడ్డాయి. మళ్ళీ ఆగాయి.

సయోకో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అంత్యక్రియలకి కట్టే నల్ల టైతో హిరోసె లోపలికొచ్చాడు. "మైల పోయేలా గుమ్మం బయటే ఉప్పు చల్లుకున్నాన్లే. ముందో కాఫీ పొయ్యి."

"ఎవరు పోయారు?"

"మినోవా గారమ్మా. ఆ చివర కూర్చునేవారే. ఆఖరిసారి ఇక్కణ్ణుంచి వెళ్ళిన రాత్రే గుండె ఆగిపోయిందట."

"ఆయన... ఎవరసలు?"

"నీకు తెలీదూ? ఈ మిషన్ చేసిందే ఆయన! బాగుచెయ్యమని నేనే అడిగితే, నేను నమ్మలేదు గానీ, 'ఇక దానితో పనిలేదు, నా చెయ్యి ఆ అమ్మాయికి వచ్చేసింది' అన్నారు."