పెద్ద టైర్ల జీపు

ఆస్పత్రి జీపుకి డాక్టరుగారు పట్టుబట్టి పెద్ద టైర్లు వేయించారు. గెడ్డ, అదే కొండవాగు, దాటుతుందట! దాని డ్రైవర్ని నేను. ఇన్నాళ్లూ గెడ్డ ఇవతలే ఆగి, కొండ మీంచి రోగిని మోసుకుంటూ డోలీ దిగేదాకా కాచుకునేవాణ్ణి.

ఈవేళ కొండ మీద సోములమ్మకి పురిటి నొప్పులని కబురొచ్చింది. గెడ్డ దాటాను. మలుపులో చచ్చాను. స్టీరింగు సగం తిప్పేసరికే టైరు బాడీకి రాసుకుంటోంది. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. ముందుకీ వెనక్కీ లాగేసరికి, జీపు దారికి అడ్డంగా ఇరుక్కుపోయింది.

నాకోసం చూసి చూసి, సోములమ్మ మొగుడు మల్లేశూ ఊరివాళ్లూ డోలీ మోసుకుని ఎదురొచ్చేశారు. డోలీలోంచి ఒకటే మూలుగు.

"ఆగండ్రా, తిప్పుతున్నాను కదా!" అని కసిరాను.

మల్లేశు జీపు పక్కన సందు కోసం అటూ ఇటూ వెతికాడు. లేదు.

"సిన్న టైర్లప్పుడు గెడ్డకాడే ఆగిపోయీవోడివి బాబూ," అన్నాడు. "మాకు దారుండీది."