వల దాటిన కాళ్లు

"వల మీద చల్లి, తప్పయిందని దండం పెట్టు," అంటూ రత్నమాణిక్యం పసుపునీళ్ల చెంబు అందించబోయింది. వలకి అవతల నిలబడ్డ కోడలు వీరవేణి చెయ్యి చాపలేదు.

"నేనేం తప్పు చేశానత్తా?"

"ఆడది వల దాటితే చేప పారిపోద్ది. నువ్వు దాటిన నాటినుంచీ పడవ ఖాళీగానే వస్తంది," అన్నాడు పల్లంరాజు, పెళ్లాం వంక చూడకుండా.

"ఉప్పాడోళ్ల వలలూ ఖాళీయేనంట మావా. అంతర్వేదిలోనూ అంతేనంట. అక్కడా నేనే దాటానా? ఈ ఏడు నీళ్లు కాగిపోతన్నాయని నువ్వే అన్నావుగా. చల్లటి నీళ్లు వెతుక్కుంటా చేప లోతుకి పోయింది. దానికి నా కాళ్లతో పనేంటి?"

పల్లంరాజు తల్లి వైపు తిరిగాడు. "చూడమ్మా, దాని నోరు."

రత్నమాణిక్యం చెంబునే చూస్తోంది. కాపరానికొచ్చిన కొత్తలో ఇదే చెంబుతో ఆవిడ చేతా చల్లించారు. ఆ ఏడూ సముద్రం ఇలాగే కాగింది. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ వల దాటలేదు. అయినా చేప రాని ఏళ్లు వస్తూనే ఉన్నాయి.

ఆవిడ పసుపునీళ్లు ఇసకలో పారబోసింది. కుచ్చెళ్లు ఎత్తిపట్టి, వల మీదుగా అడుగేసి కోడలి పక్కన నిలబడింది.

"ఇప్పుడు ఇద్దరం దాటాం. పోయి సముద్రంతో చెప్పుకోరా."