లామ్ షెడ్డుకి పోవద్దు

"అయ్యో అయ్యో! సైడు స్టాండు మీద నిలబెట్టి ఆయిలు చూస్తారా ఎవరైనా?"

థోవా ఉలిక్కిపడి తలెత్తింది.

సందులో ఒక ముసలాయన. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తన సొంత బండినెవరో పాడు చేస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఆయిలు తగ్గింది, పోద్దామని..."

"బండి ఒరిగితే లోపల ఆయిలూ ఒరుగుతుంది. డబుల్ స్టాండు వెయ్యి. ఆయిలు కొలిచే పుల్ల తుడిచి మళ్ళీ ముంచు. ఇప్పుడు చూడు."

చూసింది. ఆయిలు సరిపడా ఉంది.

థోవా ఈ నది ఒడ్డు ఊరికి, కాంథోకి, వచ్చి నెల కాలేదు. మాంసం కూరిన ఆవిరి బన్నులు చేసి, నది అవతల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు దగ్గర అమ్ముతుంది. పొద్దున సైరను కూసిందంటే గేటు మూస్తారు, బన్నులన్నీ మళ్ళీ ఇంటికే. మొన్ననే కొన్న ఈ పాత స్కూటరు నడిస్తేనే ఆమె పొయ్యి వెలిగేది.

"మీరెవరు బాబాయ్?"

"ఆరో బాబాయ్ అను, చాలు."

అక్కడంతే. పుట్టిన వరసే పిలుపు, అసలు పేరు గుమ్మం దాటదు. థోవా కూడా అడగలేదు.

"ఈ తంటాలు నావల్ల కాదు బాబాయ్. సందు చివర 'లామ్ షెడ్డు' అని బోర్డు చూశాను. రేపు అక్కడ చూపిస్తాలే."

ముసలాయన మొహం చిట్లించాడు.

"ఆ లామ్ గాడి దగ్గరికా? మంచి బ్రేకుని వదులు చేసి పంపుతాడు. వాడికంటే గేదె నయం. ఏం, నీ చేతులకేమయింది?"

గుమ్మాల్లో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. లామ్ సంగతి వీధిలో అందరికీ తెలిసినట్టుందే అనుకుంది థోవా.

అది మొదలు మధ్యాహ్నం కాగానే ఆయన హాజరు. బండిని మాత్రం వేలితో కూడా ముట్టుకునేవాడు కాదు. చెప్పడం, తిట్టడం, అంతే.

"ఇంజను కాలుతుంటే నీళ్ళు కొడతావేం? చల్లారనీ."

"వెనక బ్రేకు నట్టు ఒక చుట్టు బిగించు. చక్రం తిప్పు. ఒరుసుకుంటోందా? అర చుట్టు వదులు."

"ఒక్కసారి మీరు బిగిస్తే ఏం పోయింది బాబాయ్, మసి అంటుతుందా?" అని ఉడికించింది.

"నేను బిగిస్తే, అది వదులైన రోజు మళ్ళీ నాకోసం చూస్తావు."

ఒళ్ళు వంగదు గానీ నోరు మాత్రం ఊరంత అనుకుంది. అయినా ఆయనకోసం ఓ బన్ను పక్కన పెట్టడం అలవాటైపోయింది. అది తింటూ ఆయన లామ్‌ని తిట్టేవాడు. ఆమె వంత పాడేది.

"ఆ లామ్ కనబడనీ బాబాయ్, చీపురు తిరగేస్తా!"

ఆయన పొలమారేలా నవ్వాడు.

వానలు పట్టాయి. ఓ వేకువన నది పోటుకి సందులో పిక్కల్లోతు నీళ్ళు. మలుపులో స్కూటరు గుర్రుమని ఆగిపోయింది. వెనక పెట్టెలో బన్నులు పొగలు కక్కుతున్నాయి.

సెల్ఫు స్టార్టు బటను మీదికి పోయిన వేలిని థోవా చప్పున వెనక్కి తీసుకుంది. తడిసిన బండిని ఊరికే స్టార్టు కొట్టకూడదని ఎన్ని తిట్లు తిందని! ఎత్తుగా ఉన్న చోటికి తోసి, ప్లగ్గు విప్పి, పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మర తప్పకుండా ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాత పానాతో బిగించింది.

బండి దగ్గింది, తుమ్మింది, కదిలింది.

సైరను కూసేలోగా పెట్టె ఖాళీ అయింది. థోవాకి నేల మీద కాలు నిలవలేదు. ఎవరి సాయమూ లేకుండా తన బండిని తనే నడిపించుకుంది. ముందు ఈ మాట ఆరో బాబాయ్‌కి చెప్పాలి.

మధ్యాహ్నం దాటినా ఆయన రాలేదు. మర్నాడూ రాలేదు.

ఇల్లెక్కడో ఏనాడూ అడగలేదు. వేడి బన్నులు పట్టుకుని సందు చివరిదాకా నడిచింది. లామ్ షెడ్డుకి తాళం. పక్కనే చెరుకురసం తీస్తున్న ఎనిమిదో అక్కని అడిగింది.

"ఆరో బాబాయా? నిన్న కూతురొచ్చి తీసుకెళ్ళిందిగా. వాళ్ళ కొబ్బరితోటలో ఉయ్యాల కట్టిందట. పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ పోయాడు."

"నాకొక్క మాటైనా చెప్పకుండానా!"

"చెబితే ఏడుస్తారుగా. చూపు మసకబారిందే తల్లీ. బ్రేకు తప్పు బిగిస్తే ఒకరి ప్రాణం పోతుంది, ఇక బండి ముట్టనన్నాడు. వెళ్ళేలోగా సందులో అందరికీ పని నేర్పెయ్యాలని ఒకటే పట్టు."

"ఆయన ముట్టడమేంటక్కా? షెడ్డు ఆ లామ్‌ది కదా?"

ఎనిమిదో అక్క చేతిలో చెరుకుగడ పక్కన పెట్టి, ఆమె వంక జాలిగా చూసింది.

"షెడ్డుకి ఎవరూ రాకుండా తన్ను తానే అంతలా తిట్టుకున్నాడమ్మా... ఆరో బాబాయ్ అసలు పేరే లామ్."