అరగదీసేది ఎవరు?

"నా పళ్లు అరగదీసేది ఏ డాక్టరు?" క్లినిక్ కౌంటర్ దగ్గర దర్జీ మూడోసారి అడిగింది. పళ్ల మీద అతికించే పలుచని తెల్లటి పొరలు, వెనీర్లు, వేయించుకోవడానికి అక్కని వెంటబెట్టుకుని ఆమె దేశం దాటి వచ్చింది.

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు, మేడమ్. హోటల్ గది బావుందా?" అంది కౌంటర్లో అమ్మాయి.

"గది సంగతి అడిగానా? అరగదీశాక మళ్లీ మొలుస్తాయా ఇవి?"

అక్క చెయ్యి పట్టి లాగింది. "ఇంత దూరం వచ్చాక ఏంటే ఈ పేచీ? నెల్లాళ్లు వెతికింది నువ్వేగా!"

దర్జీ విసురుగా నోట్‌బుక్ తెరిచింది. ఆరు క్లినిక్కులు. ఒక్కోదాని కింద హోటలు, కారు, టిఫిను, ఊరు చూపించే రోజు. డాక్టరు పేరు ఒక్కచోటా రాసుకోలేదు.

"కత్తిరించేది ఎవరో అడక్కుండా నా కొట్లో ఎవరూ గుడ్డ చేతికివ్వరక్కా," అంది, గొంతు తగ్గించి.

నర్సు వచ్చి కుర్చీ సిద్ధమంది. అక్క చెల్లెలి సంచీ భుజానేసుకుని, "పద, పోదాం" అంటూ బయటికి దారితీసింది.