ముందు మోకాలు

మూడోసారి కూడా వీరదుర్గ వెల్లకిలా పడింది.

అవనిగడ్డ బస్టాండు వెనక ఖాళీ స్థలంలో సాయంత్రం కరాటే క్లాసు. నరేంద్ర మాస్టారు చూపించిన కిక్ ఆమెకు తప్ప అందరికీ వచ్చేసింది.

గేటు దగ్గర చేపలమ్మే ముసలామె నవ్వింది.

"కాలు చాపి లేపితే పడక ఏం చేస్తావే? ముందు మోకాలు లేపు, ఊడుపుల్లో బురదలోంచి కాలు పీకినట్టు. అప్పుడు తన్ను."

"నువ్వు చేపలమ్ముకో మామ్మా."

"అమ్ముకుంటాలే. ఎవడి కోసం నేర్చుకుంటున్నావు?"

వీరదుర్గ ఆ కోపంలోనే చెప్పేసింది. నాగాయలంక బస్సెక్కే చోట ఆటో నడిపే నాని రోజూ అడ్డం నిలబడుతున్నాడు. మొన్న చున్నీ లాగాడు. సంగతి తెలిసి నాన్న కాలేజీ మానెయ్యమన్నాడు. నెల రోజులు ఆగమని బతిమాలుకుంది.

ముసలామె గంపలో మిగిలిన చేపలు గోనెపట్టా మీద కుమ్మరించింది. తర్వాత లేచి కుచ్చెళ్లు ఎగదోపుకుంది. ఖాళీ గంప పొట్టకి అడ్డం పెట్టుకుంది.

"తన్ను."

వీరదుర్గ మెల్లగా తన్నింది.

"జాలి పడకు. వాడు జాలి పడ్డాడా నీ మీద?"

ఆ రోజు నుంచి క్లాసు అయ్యాక రోజూ అదే పని. మొదట్లో గంప కదల్లేదు. పది రోజులకు ముసలామె రెండడుగులు వెనక్కి తూలింది. ఇరవయ్యో రోజున గంప అంచు విరిగింది. ఆమె నడుం పట్టుకుని కూలబడి, ఇంక చాల్లే అంది.

శనివారం బస్సెక్కబోతుంటే నాని ఆమె బ్యాగు పట్టుకు లాగాడు.

వీరదుర్గ మోకాలు లేపింది.

నాని ప్లాట్‌ఫాం మీద పడ్డాడు. బస్సులో ఉన్నవాళ్లందరూ కిటికీల్లోంచి చూశారు.

"సోమవారం కూడా ఇదే బస్సుకొస్తాను. ఇక్కడే నిలబడతాను," అంది వీరదుర్గ.

కాలేజీ మానే మాట నాన్న మళ్లీ ఎత్తలేదు.

సోమవారం ముసలామెకు చెబుదామని పరుగున వెళ్లింది. ఆ చోట వేరే ఆమె రొయ్యలమ్ముతోంది.

"పున్నమ్మా? ఇక రాదమ్మా. నీకు నేర్పింది తనేనని తెలిసి ఇంట్లోంచి గెంటేశాడు. ఎక్కడికెళ్లిందో ఎవరికీ చెప్పలేదు."

"ఎవరు గెంటేశారు?"

"కొడుకే. నువ్వు బస్టాండులో పడేసిన నానిగాడు."